పాత వెర్షన్‌ను ఎప్పుడు ఆపాలి? నల్లగొండ తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నల్లగొండ. ప్రైవేట్ డిగ్రీ కాలేజీల కంప్యూటర్స్ చెప్త. పాత ఫాంట్లల టైప్ చేసిన తెలుగును, ఫోన్లల, వాట్సాప్‌ల గూడ చదవొచ్చే యూనికోడ్‌లకు మార్చే చిన్న ప్రోగ్రాం 2017ల రాసి ఓపెన్ సోర్స్‌గ, అంటే కోడ్ ఎవరన్న తీసుకుని వాడుకునేటట్టు పెట్టిన. ఇప్పుడు దానికి మూడు వెర్షన్లున్నయి. ఒకటోది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2.7 వెర్షన్ మీద నడుస్తది. రెండోది పైథాన్ 3.8ది, విండోస్ 7 సిస్టంల మీద గూడ ఎక్కేటట్టు ఇన్‌స్టాలర్ చేసిచ్చిన. మూడోది పోయినేడు మొదలువెట్టిన, దానికి విండోస్ 10 అన్న ఉండాలె. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట డీటీపీ సెంటర్లోళ్లు రెండోది వాడుతున్నరు. యూనివర్సిటీల ఒక రీసెర్చ్ స్కాలర్ తన సర్వర్ల ఇంకా ఒకటోదే పెట్టుకున్నడు. ఏ చిన్న తప్పు దిద్దినా మూడు చోట్ల దిద్దాలె. రాత్రి పదకొండు దాకా ఇదే పని. ఇంట్ల "జీతం లేని కొలువు" అంటున్నరు. నాతోటి కలిసి కోడ్ రాసే దోస్తు మాత్రం "వాడేటోళ్లు ఒక్కరున్నా ఆపొద్దు, ఆపితే మోసం" అంటడు. ప్రోగ్రాంల నా ఫోన్ నంబర్ గూడ ఉన్నది, దినాం ఎవరో ఒకరు చేస్తనే ఉంటరు. పాత వెర్షన్లు ఎప్పుడు ఆపాలె? ఎట్ల చెప్పాలె?
పేరు వద్దు, నల్లగొండ

జవాబు:

తమ్ముడూ,

నీ దోస్తు అన్న మాటతోనే మొదలుపెడతా. పని భారం కంటే ఆ "మోసం" అన్న మాటే నీకు ఎక్కువ గుచ్చుకున్నట్టుంది.

ఎంఐటీ కానీ, జీపీఎల్ కానీ, ఓపెన్ సోర్స్ లైసెన్సు ఏది తీసుకున్నా "ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. కాబట్టి కాగితం మీద నువ్వు ఎవరికీ బాకీ లేవు. అయినా ఆ మాటతో నీకు నిద్ర పట్టదని తెలుసు. సూర్యాపేట డీటీపీ ఆయన లైసెన్సు చదివి నీ ప్రోగ్రాం ఎక్కించుకోలేదు, నీ మొహం చూసి ఎక్కించుకున్నాడు. అందుకని ఇంకో రకంగా అడుగుతా. ఒకటో వెర్షన్‌లో ఆఖరిసారి తప్పు దిద్దినప్పుడు దాన్ని ఏ మిషన్ మీద నడిపి చూశావు? "చూడలేదన్నా, దిద్ది అట్లనే పెట్టిన" అంటావేమో. అట్లా అయితే ఆ వెర్షన్‌కు సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయింది. ప్రోగ్రాంతో పాటు ఇచ్చే వివరాల ఫైలు రీడ్‌మీలో మాత్రం ఇంకా ఉందని రాసి ఉంది. మోసం అనే మాట వాడక తప్పదంటే అక్కడ వాడాలి.

ఒకటో వెర్షన్ లెక్క తొందరగా తేలుతుంది. పైథాన్ 2.7 వచ్చింది 2010 జూలైలో. 2015లో ముగిద్దామనుకున్నారు, జనం ఇంకా మారలేదని 2020 జనవరి 1 దాకా పొడిగించారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 2.7.18 విడుదల చేసి చేతులు దులుపుకున్నారు. పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్ కూడా 2021 జనవరిలో వచ్చిన 21.0 నుంచి 2.7ను వదిలేసింది. రేపు ఆ పైథాన్‌లోనే ఏదైనా భద్రతా లోపం బయటపడితే అసలు ప్రాజెక్టులో దిద్దేవాళ్లు లేరు. నువ్వు రాత్రి పదకొండు దాకా కూర్చుని చేసే పని ఆ లోపం దగ్గరికి కూడా చేరదు. ఇంక తేదీ కోసం పంచాంగం చూడాల్సిన పని లేదు, ఈ వారమే ఆపు. ఆ స్కాలర్ సంగతి తర్వాత చెప్తా.

రెండోది ఆలోచించాల్సిన కేసు. దాన్ని వాడేవాళ్లెవరో ఒకసారి దగ్గరికెళ్లి చూడు. నల్లగొండ ప్రకాశం బజార్‌లోనో, మిర్యాలగూడలోనో ఒక డీటీపీ సెంటర్. మూలకు ఒక విండోస్ 7 సిస్టం, అందులో పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పెళ్లి కార్డు, గృహప్రవేశం కార్డు, దశదిన కర్మ కార్డు, బడి వార్షికోత్సవం కరపత్రం అన్నీ అందులోనే. ఎవరో కవిగారు పదేళ్ల కింద అచ్చు వేయించిన పుస్తకం ఫైలు పట్టుకొచ్చి "దీన్ని వాట్సాప్‌ల పంపేటట్టు చేసియ్యి" అంటే అప్పుడు నీ ప్రోగ్రాం తెరుస్తాడు. పని అయ్యాక మూసేస్తాడు. మళ్లీ నెల దాకా దాని మొహం చూడడు.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అదే ఆఖరిది, తర్వాత అడోబ్ ఇన్‌డిజైన్ దారి పట్టింది. ఆ సిస్టంలోని విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్ బ్రౌజర్ 109తో ఆగిపోయింది. అంటే ఆ డీటీపీ ఆయన తయారుచేసినవాళ్లు వదిలేసిన సాఫ్ట్‌వేర్ మీదే ఇన్నేళ్లుగా ఇల్లు గడుపుకుంటున్నాడు. సపోర్ట్ లేకుండా బతకడం ఎట్లాగో ఆయనకు నువ్వూ నేనూ నేర్పక్కర్లేదు. ఆయనకు నీ దగ్గర్నుంచి కొత్త ఫీచర్ వద్దు, నెలనెలా అప్‌డేట్ అసలే వద్దు. నిన్న నడిచింది రేపు కూడా నడవాలి, అంతే.

నీకు వచ్చే ఫోన్లు ఒక వారం పాటు కాగితం మీద రాసుకో. నా అంచనా, సగానికి పైగా ఇట్లా ఉంటాయి: "సార్, సిస్టం ఫార్మాట్ కొట్టిచ్చిన, మీ సాఫ్ట్‌వేర్ పోయింది, మళ్ల లింక్ పెట్టుండ్రి." ఇంకొన్ని, ఇన్‌స్టాల్ చేయబోతే ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అని మొదలయ్యే డీఎల్‌ఎల్ ఫైలు లేదంటున్నదని. అది నీ తప్పు కాదు. పైథాన్ 3.5 నుంచి, ప్రోగ్రాం నడవడానికి విండోస్ వాళ్ల యూనివర్సల్ సీ రన్‌టైమ్ అనే ఫైళ్ల కట్ట కావాలి, అప్‌డేట్లు పడని విండోస్ 7లో అది ఉండదు. మైక్రోసాఫ్ట్ దానికి విడిగా ఒక అప్‌డేట్ ఇచ్చింది, అది ఎక్కిస్తే సరిపోతుంది. ఈ రెండు రకాల ఫోన్లకూ నువ్వు కోడ్ ముట్టుకోవాల్సిన పనే లేదు. ఇన్‌స్టాలర్ ఒక చోట భద్రంగా ఉండాలి, పక్కనే ఆ రన్‌టైమ్ అప్‌డేట్ గురించి నాలుగు ముక్కలు తెలుగులో ఉండాలి.

అందుకే చెప్తున్నా, రెండో వెర్షన్‌కు సపోర్ట్ ఆపితే డీటీపీ వాళ్లు పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు. వాళ్లకు నష్టం జరిగేది వేరే పనుల వల్ల. "పాతది ఎందుకులే" అని నువ్వు ఇన్‌స్టాలర్‌ను తీసేస్తే నష్టం. ప్రోగ్రాం తనంతట తాను అప్‌డేట్ అయ్యేలా పెట్టి మూడో వెర్షన్‌ను వాళ్ల నెత్తిన రుద్దితే నష్టం. పైథాన్ 3.9 నుంచి పైవి విండోస్ 7 మీద నడవవు, 3.8తోనే సరి. మాఘమాసం పెళ్లిళ్ల మధ్యలో పొద్దున్నే సిస్టం ఆన్ చేస్తే నీ ప్రోగ్రాం తెరుచుకోకపోతే అప్పుడు తిట్లు పడతాయి, అవి న్యాయమైన తిట్లే. సపోర్ట్ ఆపడం అంటే ఇంక దిద్దను అని చెప్పడం వరకే, ఉన్నదాన్ని లాక్కోవడం అందులోకి రాదు. మీ దోస్తు ఈ రెంటినీ ఒకే గాటన కడుతున్నాడు.

ఇప్పుడు ఆ స్కాలర్. మనిషి ఒక్కడే. కానీ నాకు దిగులంతా ఆయన గురించే. ఆయన సర్వర్ ఇంటర్నెట్‌లో ఉండి, ఎవరెవరో ఎక్కించిన వర్డ్ ఫైళ్లు తీసుకుంటూ ఉంటుందని అనుకుంటున్నా. డాక్స్ ఫైలంటే జిప్‌లో కట్టిన ఎక్స్ఎంఎల్ అని నీకు తెలుసు. ఎక్స్ఎంఎల్‌ను విప్పే చోట మెమరీ అంతా మింగేసేలా ఫైలు తయారుచేసి పంపడం పాత విద్యే. జిప్‌ను విప్పే చోట ఇంకో రకం. వాటిని చదివే లైబ్రరీలలో లోపాలు దొరుకుతూనే ఉంటాయి, దిద్దుతూనే ఉంటారు. కానీ ఆ దిద్దుబాట్లు కొత్త పైథాన్ కోసం వచ్చే విడుదలల్లోనే ఉంటాయి. పైథాన్ 2.7 మీద కూర్చున్నవాడికి వాటిలో దాదాపు ఏదీ అందదు. దేవరకొండలో మూలకున్న సిస్టంకు ఈ ప్రమాదం కొంచెం, సర్వర్‌కు చాలా ఎక్కువ.

"వాడేవాళ్లు ఇంత శాతానికి పడిపోతే ఆపెయ్" అనే సలహా నాకు నచ్చనిది కూడా ఇందుకే. డౌన్‌లోడ్ లెక్కలు చూసి నిర్ణయించుకుందామని నీకు అనిపించి ఉంటుంది. ఆ లెక్కల్ని నమ్మకు. ఎవరి సర్వరైనా ప్రతి రాత్రి అంతా చెరిపి మళ్లీ ఎక్కించుకునేలా పెట్టి ఉంటే, ఆ ఒక్క మనిషీ నెలకు ముప్పై మందిగా కనపడతాడు. మిర్యాలగూడలో ఒకాయన పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తన బామ్మర్ది షాపుకు, పక్క వీధి షాపుకు పంచితే ఆ షాపులు లెక్కలో సున్నా. తలలు లెక్కపెడితే తేలేది కాదిది.

మరి దేన్ని బట్టి తేల్చాలి? కింద ఉన్నవాళ్ల తేదీని బట్టి. నీ ప్రోగ్రాం పైథాన్ మీద నిలబడింది, పైథాన్‌కు తేదీలున్నాయి. ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో ఒక కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు దిద్దుబాట్లు ఇస్తారు. 3.8కి 2024 అక్టోబర్‌తో అయిపోయింది. 3.9కి 2025 అక్టోబర్‌తో. 3.10కి 2026 అక్టోబర్. వాళ్లు ఆపాక నువ్వు ఎంత కష్టపడినా పూర్తి సపోర్ట్ ఇవ్వలేవు. అంతకంటే ముందే ఆపాలనుకుంటే అది నీ ఓపికను బట్టి. నమ్‌పై వంటి సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టులు చాలావరకు ఐదేళ్లు కూడా ఆగకుండా, వచ్చి మూడేళ్లు దాటిన పైథాన్‌ను వదిలేయాలని ఉమ్మడిగా ఒక పద్ధతి పెట్టుకున్నాయి. వాళ్ల పద్ధతిలో నాకు నచ్చేది ఆ మూడేళ్ల అంకె కాదు, ప్రతిసారీ కొత్తగా పంచాయితీ పెట్టుకోనక్కర్లేకపోవడం. నీకూ నీ దోస్తుకూ ఏటేటా ఈ గొడవ తప్పాలంటే రీడ్‌మీలో ఒక్క వాక్యం చాలు: "మేము వాడే పైథాన్‌కు పైథాన్ వాళ్లు దిద్దుబాట్లు ఆపిన ఆరు నెలలకు మేమూ ఆపుతాం."

ఆరు నెలలే ఎందుకని అడుగుతావేమో. అందులో శాస్త్రమేం లేదు. పైథాన్ 2 నుంచి బయటపడ్డప్పుడు ఎవరెవరు ఏం చేశారో చూడు. నమ్‌పై ఒక ఏడాది ముందే, 2019 జనవరి నుంచి కొత్త ఫీచర్లు పైథాన్ 3కే అంది. 1.16 సిరీస్‌లో మాత్రం ఆ ఏడాదంతా పైథాన్ 2 వాళ్లకు తప్పులు దిద్దిపెట్టింది. పిప్ గడువు దాటిన ఏడాదికి వదిలేసింది. ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చిపెట్టే రిక్వెస్ట్స్ లైబ్రరీ 2022 జూన్‌లో 2.28తో గానీ 2.7ను వదల్లేదు. రిక్వెస్ట్స్‌ను వాడేవాళ్లు మరీ ఎక్కువ, అది కదిలితే చాలా కదులుతాయి, అందుకని ఆగి ఉంటుంది. ముగ్గురూ మూడు తేదీలు పెట్టుకున్నారు, ఆకాశం ఏం ఊడిపడలేదు.

నాకు ఇందులో నమ్‌పై చేసినట్టు రెండు మెట్ల మీద దిగడం బాగా అనిపిస్తుంది. నీ రెండో వెర్షన్‌కు అదే చెయ్యి. కొత్త ఫాంటు చేర్చడం, కొత్త బటన్ పెట్టడం ఇవాళ్టితో బంద్. మిగిలిన గడువులో భద్రతా లోపం వస్తే దిద్దు. ఇంకొక్క రకం తప్పు కూడా దిద్దాలి: మాటామంతీ లేకుండా అక్షరాన్ని మింగేసే తప్పు. ప్రోగ్రాం ఆగిపోతే డీటీపీ ఆయనకు తెలుస్తుంది. 'ప్రసాద్' కాస్తా 'పసాద్' అయి పెళ్లి కార్డు మీద అచ్చయితే అచ్చయ్యాకే తెలుస్తుంది, అప్పుడు పెళ్లికొడుకు తండ్రి వచ్చి కూర్చుంటాడు.

ఆ క్రావడి ('ప్ర'లోని ర వత్తు) సంగతి ఎత్తాను కాబట్టి నీ పనిభారం గురించి ఒక మాట. నా ఉత్తరంలో ఇదే అసలు ముక్క అనుకో. కొన్ని పాత ఫాంట్లలో క్రావడి ముక్క అక్షరానికి ముందే వస్తుంది. యూనికోడ్‌లో ప, పొల్లు, ర అనే వరుస. ముందున్న ముక్కను పట్టుకుని హల్లు దాటించి వెనక పెట్టాలి. ఇట్లాంటి నియమాలు, ఏ ఫాంట్‌లో ఏ సంఖ్య ఏ ముక్కకు చెందుతుందనే పట్టికలు నీ ప్రోగ్రాంలో నేరుగా కోడ్ మధ్యలోనే ఉన్నాయని నా అనుమానం. పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్లు, పైథాన్ 3లో అక్షరాలు. దాంతో అదే పట్టికను ఒకటో వెర్షన్‌లో ఒక తీరుగా, రెండోదాంట్లో ఇంకో తీరుగా రాసుకుని ఉంటావు. మూడు చోట్ల దిద్దడం అక్కడే వచ్చి ఉంటుంది.

ఆ పట్టికలన్నీ కోడ్‌లోంచి బయటికి తీసి ఒక జేసన్ ఫైలులో, అంటే ఏ ప్రోగ్రామైనా చదవగలిగే మామూలు టెక్స్ట్ ఫైలులో పెట్టు. రెండు, మూడు వెర్షన్లూ అదే ఫైలు చదవాలి. అప్పుడు ఒక ఫాంట్‌లో ఏ ముక్కకైనా తప్పు అక్షరం వస్తోందని ఫోన్ వస్తే, పట్టిక ఒక్క చోట దిద్ది ఆ ఫైలు వాట్సాప్‌లో పంపితే చాలు. డీటీపీ ఆయన దాన్ని ప్రోగ్రాం ఫోల్డర్‌లో పాతదాని మీద పెట్టుకుంటాడు. ఇన్‌స్టాలర్ మళ్లీ కట్టక్కర్లేదు, విండోస్ 7 సిస్టం ఎక్కడ దొరుకుతుందా అని తిరగక్కర్లేదు. నీలాంటి ప్రోగ్రాంకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ పట్టిక తప్పులే అయి ఉంటాయి, కోడ్ తప్పులు తక్కువ. ఒక జాగ్రత్త: ఆ ఫైలు మొదటి వరుసలో దాని రూపానికి ఒక నంబర్ వెయ్యి. రేపు మూడో వెర్షన్ కోసం పట్టిక రూపం మార్చాల్సి వస్తే నంబర్ మారుతుంది, రెండోది దాన్ని చూసి "ఇది నాకు కాదు" అని తెలుగులో చెప్పి ఆగాలి. నోరు మూసుకుని తప్పుగా చదవడం మహా ప్రమాదం. రెండో వెర్షన్‌కు నువ్వు చేసే ఆఖరి పెద్ద పని ఇదే కావాలి. ఇది అయ్యాక గడువు దాటినా కూడా పట్టికలు పంచుతూనే ఉండొచ్చు, దానికి నీ రాత్రులు ఖర్చు కావు.

ఇక తేదీ. పైన చెప్పిన ఆరు నెలల నియమం ప్రకారం అయితే రెండో వెర్షన్ గడువు ఎప్పుడో దాటింది. కానీ నియమం నువ్వు ఇప్పుడు పెడుతున్నావు, వాళ్లకు ముందు చెప్పలేదు. కాబట్టి ఒక సీజన్ ఇవ్వాలి. సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగికి నీళ్లు ఏ తేదీ దాకా వదులుతారో నాట్లకు ముందే చెప్తే రైతు వరి వేసుకోవాలా, ఆరుతడి పంట వేసుకోవాలా తేల్చుకుంటాడు. నాట్లు పడ్డాక చెప్తే ఎంత మంచి కారణం చెప్పినా మడి ఎండుతుంది. సాఫ్ట్‌వేర్‌లో నాట్లు పడ్డాక చెప్పినందుకు పేరు చెడ్డది సెంటోస్ 8, సర్వర్ల మీద వాడే ఒక లైనక్స్. 2029 దాకా ఇస్తామన్నారు. దాన్ని నమ్మి సర్వర్లకు సర్వర్లు మార్చుకున్నారు జనం. 2020 డిసెంబర్‌లో వచ్చి, 2021 డిసెంబర్ 31తో సరి అన్నారు. ఆ కోపం లోంచే రాకీ లైనక్స్, ఆల్మాలైనక్స్ పుట్టాయి. దీనికి ఎదురుగా ఫైర్‌ఫాక్స్ వాళ్లు విండోస్ 7 వాళ్ల కోసం 115 వెర్షన్ గడువును ఒకటికి రెండుసార్లు పెంచుకుంటూ పోయారు. వెబ్ పేజీలు కట్టడానికి వాడే యాంగ్యులర్‌జేఎస్‌ను కోవిడ్ వల్ల ఆరు నెలలు ఎక్కువ ఉంచి 2021 చివర్లో ముగించారు. వాటి మీద జనం పెద్దగా కోప్పడలేదు. ఇచ్చిన తేదీని పొడిగిస్తే ఎవరికీ బాధ లేదు, కుదిస్తే మాత్రం ఊరుకోరు. కాబట్టి నువ్వు మోయగలిగినదానికంటే కొంచెం దగ్గరి తేదీయే చెప్పు, ఓపిక మిగిలితే పెంచుకో.

ఆ తేదీ కూడా ఆషాఢంలో పడేలా చూడు. నవ్వులాటకు అనడం లేదు. పెళ్లిళ్లు ఉండవు, డీటీపీ సెంటర్లకు ఊపిరి దొరికేది అప్పుడే. కొత్త వెర్షన్ ఎక్కించుకుని చూసుకునే తీరిక ఉంటుంది. పైథాన్ వాళ్లకు అక్టోబర్ కుదురుతుందేమో, మనకు అది దసరా, దీపావళి ఫ్లెక్సీల కాలం. సర్పంచ్ ఎన్నికలు దగ్గర్లో ఉంటే ఇంకో నెల జరుపు, ఆ రోజుల్లో డీటీపీ ఆపరేటర్‌ను పలకరించినా తిడతాడు.

ఎట్లా చెప్పాలి అన్నావు. రిలీజ్ నోట్స్‌లో రాస్తే నీ దోస్తు, ఆ స్కాలర్ తప్ప ఎవరూ చదవరు. డీటీపీ వాళ్లకు వాట్సాప్ గ్రూపులుంటాయి, అక్కడ పెట్టు. రెండో వెర్షన్ ఆఖరి విడుదలలో, ప్రోగ్రాం తెరవగానే ఒక్కసారి కనపడేలా కూడా పెట్టు. ఒక్కసారే, రోజూ కాదు. రోజూ బెదిరించే కిటికీని జనం చదవకుండా మూసేస్తారు. మాటలు ఇట్లా ఉంటే చాలు:

"ఈ ప్రోగ్రాం రెండో వెర్షన్‌కు ఇకమీద కొత్త ఫీచర్లు రావు. మీ సిస్టంలో ఇప్పుడు ఉన్నది ఇట్లాగే నడుస్తుంది, తీసేయాల్సిన పని లేదు. అక్షరాలు తప్పుగా మారితే వచ్చే జూలై 31 దాకా దిద్ది ఇస్తాం. ఆ తర్వాత ప్రోగ్రాంలో మార్పులు చేయం. ఫాంట్ పట్టికలు మాత్రం వీలైనప్పుడు ఇస్తాం. ఇన్‌స్టాలర్ ఎప్పటిలాగే ఇక్కడే దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి. విండోస్ 10, 11 ఉన్నవాళ్లు మూడో వెర్షన్ తీసుకోండి."

క్షమాపణలు చెప్పకు. "అనివార్య కారణాల వల్ల" అని రాయకు. వాళ్లకు కావలసింది తేదీ, ఏం నడుస్తుంది, ఏం నడవదు.

లైబ్రరీగా వాడుకునేవాళ్ల కోసం ఇంకో చిన్న పని ఉంది, చాలామంది మర్చిపోతారు. మూడో వెర్షన్ ప్యాకేజీలో 'పైథాన్ రిక్వైర్స్' అనే వరుస పెట్టు, దీనికి ఏ పైథాన్ నుంచి కావాలో అందులో చెప్పు. 2016 చివర్లో వచ్చిన పిప్ 9 నుంచి పిప్ ఆ వరుస చదువుతుంది. పాత పైథాన్ ఉన్నవాడు నీ ప్యాకేజీ అడిగితే దానంతట అదే వాడికి సరిపోయే పాత వెర్షన్‌ను ఎక్కిస్తుంది. ఆ వరుస లేకపోతే మూడోది ఎక్కి, నడిపేటప్పుడు సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది, అప్పుడు మళ్లీ నీకే ఫోన్. ఆ వరుస రాయడానికి నిమిషం పట్టదు.

స్కాలర్‌కు గ్రూపులో కాకుండా విడిగా రాయి. "మూడు నెలల్లో ఒకటోది సర్వర్ మీంచి తీసెయ్, లేదంటే కనీసం బయటివాళ్ల ఫైళ్లు తీసుకోవడం ఆపు" అని సూటిగా చెప్పు. ఆలస్యం చేసేకొద్దీ మారడం కష్టమవుతుందని కూడా చెప్పు. పైథాన్ 2 కోడ్‌ను 3లోకి మార్చే 2టు3 అనే పనిముట్టు ఏళ్ల తరబడి పైథాన్‌తో పాటే వచ్చేది, 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13లో దాన్ని కూడా తీసేశారు. ఒక ఆదివారం కూర్చుని సాయం చేస్తానని చెప్పు. ఒకటో వెర్షన్‌ను ఇంకో రెండేళ్లు మోయడం కంటే ఆ ఆదివారం చవక.

ఇంక నీ దోస్తు. ఆయన మాటను కొట్టిపారేయకు, ఆయన చేతికే ఇవ్వు. ఒకటో వెర్షన్ కోడ్ శాఖకు (బ్రాంచ్) ఆయన్నే బాధ్యుణ్ని చెయ్యి, రీడ్‌మీలో ఆయన పేరు రాయి. జావా వాళ్ల లాగ్4జె కథ చెప్పు, ప్రోగ్రాంలో ఏం జరుగుతోందో రాసిపెట్టే లైబ్రరీ అది. దాని ఒకటో తరాన్ని ఆపుతున్నామని 2015 ఆగస్టులో ప్రకటించారు. 2021 డిసెంబర్‌లో రెండో తరంలో పెద్ద లోపం బయటపడి అందరూ తమ సర్వర్లు వెతుక్కుంటే, ఇంకా ఒకటో తరం మీదే ఉన్నవాళ్లు బోలెడంత మంది తేలారు. ఒకటో తరానికి ఉన్న వేరే లోపాలను దిద్దేది లేదని ప్రాజెక్టు చెప్పింది. అప్పుడు దాన్ని మొదట రాసినాయనే 2022 జనవరిలో రీలోడ్4జె పేరుతో విడిగా తీసుకుని దిద్దడం మొదలుపెట్టాడు. ఓపెన్ సోర్స్‌లో ఉన్న వెసులుబాటే అది: నువ్వు ఆపినా, కావలసినవాడు తీసుకుని నడుపుకోవచ్చు. మీ దోస్తు తీసుకుంటే సంతోషం. "నాకు టైం లేదు" అంటే, మోసం గురించిన చర్చ అక్కడితో ముగిసినట్టే.

మూడో వెర్షన్‌కు కూడా ఈ రోజు వస్తుంది, అది మర్చిపోకు. దానికి కనీసం కావాలన్న విండోస్ 10కే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకే ఆ ఆరు నెలల వాక్యం ఇప్పుడే రీడ్‌మీలోకి ఎక్కాలి, ఎవరూ కోపంగా లేని రోజుల్లో.

ప్రోగ్రాంలో నీ ఫోన్ నంబర్ ఉందన్నావు. మూడోదాంట్లోంచి తీసేసి మెయిల్ ఐడీ పెట్టు. రెండోదాని పాత కాపీలు పెన్‌డ్రైవ్‌ల మీద ఊళ్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఫోన్లు ఇంకొన్నేళ్లు వస్తాయి. ఎత్తు. ఇన్‌స్టాలర్ లింక్, ఆ రన్‌టైమ్ అప్‌డేట్ లింక్ రెండూ ఫోన్‌లో దాచి పెట్టుకో, అడిగినవాళ్లకు వాట్సాప్‌లో పంపెయ్. "అన్నా, అక్షరం తప్పు పడుతున్నదే" అంటే ఏ ఫాంటో, ఏ అక్షరమో అడిగి రాసి పెట్టుకో, సెలవుల్లో పట్టికలో చూద్దువు.